దేశాల లెక్క చదివే ముందు ఇంటి లెక్క

2025 ఆగస్టు 19న కేంద్ర ప్రభుత్వం విదేశీ పత్తి మీదున్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ 30 వరకే అన్నారు. తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అదే ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. నిర్ణయాలు జరిగింది ఢిల్లీలో, వాషింగ్టన్‌లో. ఈసారి పత్తి ఎంత పలుకుతుందోనన్న దిగులు మాత్రం ఉమ్మడి నల్గొండ జిల్లా చేలల్లో. మేళ్లచెరువు సిమెంట్ ఫ్యాక్టరీల సంగతీ అంతే. దిగుమతి బొగ్గు, పెట్‌కోక్ ధర కాస్త అటూఇటూ అయితే బస్తా తయారీ ఖర్చు మారిపోతుంది.

అందుకే ఈ ఊరి నుంచి ఒక డిగ్రీ విద్యార్థికి అంతర్జాతీయ సంబంధాలు చదవాలనిపిస్తే అందులో వింతేమీ లేదు. సబ్జెక్టు మంచిదే. ప్రశ్న దాని ధర గురించి.

మీ ఇల్లు మేళ్లచెరువులోనే అనుకుందాం. నాన్నకు మూడెకరాల పొలం, లేదంటే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. మీరు కోదాడలోనో హుజూర్‌నగర్‌లోనో డిగ్రీ ఆఖరి సంవత్సరం. లండన్‌లోనో వాషింగ్టన్‌లోనో మాస్టర్స్ చేస్తానని ఇంట్లో నోరు తెరవగానే వచ్చే ప్రశ్నలు రెండే. "ఆ సదువు సదివితే ఏం నౌకరొస్తది? ఎంత అప్పయితది?" వీటిని పెద్దవాళ్ల చాదస్తం కింద కొట్టిపారేయకండి. కంప్యూటర్ కోర్సుకు వెళ్లేవారి కంటే ఈ కోర్సుకు వెళ్లేవారినే ఇవి ఎక్కువ గట్టిగా అడగాలి. ఎందుకో చూద్దాం.

ఉద్యోగం ఇచ్చేదెవరు?

ఏ దేశంలోనైనా ఈ చదువుకు పెద్ద యజమాని ప్రభుత్వమే. విదేశాంగ శాఖ, రక్షణ, వాణిజ్యం, నిఘా విభాగాలు. అయితే ఏ ప్రభుత్వమైనా తన రహస్యాలు చూసే కుర్చీలో తన పౌరుడినే కూర్చోబెడుతుంది. అమెరికా దౌత్య సేవలో చేరాలంటే అమెరికా పౌరసత్వం తప్పనిసరి. సాఫ్ట్‌వేర్ చదివి డాలస్ వెళ్లిన మీ సీనియర్‌కు ఈ గోడ పెద్దగా తగలదు, ఎందుకంటే అతని యజమాని ప్రైవేటు కంపెనీ. మీకు మొదటి రోజే తగులుతుంది. అదే తరగతిలో మీ పక్కన కూర్చున్న అమెరికన్ విద్యార్థికి తెరుచుకునే తలుపుల్లో పెద్దవి మీకు మూసే ఉంటాయి. ఫీజు మాత్రం ఇద్దరికీ ఒకటే, కొన్నిచోట్ల మీకే ఎక్కువ.

ఆ అమెరికన్ విద్యార్థికి కూడా కాలం బాగాలేదు. విదేశీ సాయం చూసే యూఎస్‌ఎయిడ్ 2025 జులై 1తో మూతపడింది. అదే నెలలో అమెరికా విదేశాంగ శాఖ 1,300 మందికి పైగా ఉద్యోగులకు నోటీసులిచ్చింది. ఆ సాయం మీద నడిచిన స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన సంస్థలు కూడా కుదించుకున్నాయి. ఐక్యరాజ్యసమితి సైతం ఖర్చులు తగ్గించుకుంటోంది. అంటే ఇప్పుడు మీరు పోటీ పడేది తోటి కొత్త పట్టభద్రులతో మాత్రమే కాదు, పదేళ్ల అనుభవంతో రోడ్డున పడ్డవారితో కూడా.

ఐక్యరాజ్యసమితి అనగానే చాలామంది కళ్లు మెరుస్తాయి కాబట్టి ఒక మాట. సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం ఉండదు. న్యూయార్క్‌లోనో జెనీవాలోనో అద్దె, తిండి మీరే పెట్టుకోవాలి. యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్ అనే పోటీ పరీక్ష ఉంది. దానికి 32 ఏళ్ల వయోపరిమితితో పాటు, ఆ ఏడాది ప్రకటించిన దేశాల జాబితాలో మన దేశం ఉండాలి. లేకపోతే దరఖాస్తే కుదరదు.

ఇక మన విదేశాంగ సేవ, ఐఎఫ్‌ఎస్. దీనికి దారి యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్ష ఒక్కటే. దానికి ఏదో ఒక డిగ్రీ చాలు. విదేశాంగ మంత్రి జైశంకర్ జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాల్లోనే పీహెచ్‌డీ చేసిన మాట నిజం, కానీ ఆయన మొదటి డిగ్రీ కెమిస్ట్రీ. 2024 సివిల్స్‌కు దరఖాస్తు చేసింది 9.92 లక్షల మంది. చివరికి ఎంపికైంది 1,009 మంది. ఐఎఫ్‌ఎస్ ఖాళీలు 55. కాబట్టి 'విదేశీ పట్టా ఉంటే ఐఎఫ్‌ఎస్ దగ్గరవుతుంది' అని ఏ కన్సల్టెన్సీ వారైనా చెబితే లేచి వచ్చేయండి.

కాగితం, పెన్ను తీయండి

లండన్ బయట ఏదో ఒక నగరంలో ఏడాది మాస్టర్స్. ఫీజు, వీసా, ఆరోగ్య సర్‌ఛార్జి, అద్దె, తిండి, విమానం అన్నీ కలిపి 40 లక్షలు అనుకుందాం. వడ్డీ 11 శాతం. కోర్సు ఏడాది, ఆ తర్వాత ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదు అంటే వడ్డీ ఆగుతుందని కాదు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. ఆ రెండేళ్లలో దాదాపు 8.8 లక్షల వడ్డీ పోగవుతుంది. అంటే మీరు మొదటి వాయిదా కట్టే రోజుకు అప్పు 48.8 లక్షలు.

పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 67 వేలు. మొత్తం కట్టేది 80 లక్షల పైచిలుకు. భారం తగ్గుతుందని పదిహేనేళ్లు పెట్టుకుంటే నెలకు 55 వేలు, మొత్తం దాదాపు కోటి రూపాయలు. పోల్చుకోవడానికి ఒక అంకె చెబుతా. ఐఎఫ్‌ఎస్ అధికారికి ఏడో వేతన సంఘం ప్రకారం మొదటి మూలవేతనం 56,100 రూపాయలు. కరవు భత్యం, ఇతర భత్యాలు వేరే, విదేశంలో పోస్టింగ్ వస్తే వచ్చే అలవెన్సు వేరే. అయినా, కలగన్న ఉద్యోగమే వచ్చినా మూలవేతనం కంటే పదేళ్ల వాయిదా పెద్దది.

ఇదే కోర్సు పూర్తయ్యాక బ్రిటన్‌లోనే ఉద్యోగం వస్తే? కొత్తగా చేరేవారికి స్కిల్డ్ వర్కర్ వీసా కింద ఉండాల్సిన కనీస వార్షిక జీతం ఇప్పుడు 33,400 పౌన్లు. మిగతావారికి 41,700. ఆ 33,400లో పన్నులు పోగా నెలకు చేతికొచ్చేది దాదాపు 2,300 పౌన్లు. పౌను 115 రూపాయల లెక్కన 67 వేల వాయిదా అంటే 580 పౌన్లకు పైనే, జీతంలో నాలుగో వంతు. ఇబ్బందే గానీ అసాధ్యం కాదు. అంటే ఈ అప్పు తీరడం, తీరకపోవడం ఒకే ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది. మిమ్మల్ని స్పాన్సర్ చేసే యజమాని గడువులోగా దొరుకుతాడా, లేదా?

ఆ గడువు కూడా తగ్గుతోంది. చదువు అయ్యాక బ్రిటన్‌లో ఉండి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు ఉండేది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలే. 2026 సెప్టెంబర్‌లో చేరే బ్యాచ్ సరిగ్గా అందులోనే పడుతుంది. ఏజెంట్లు చూపించే బ్రోచర్ ఎప్పుడు అచ్చువేసిందో ఒకసారి చూసుకోండి.

అమెరికా లెక్క వేరు. మాస్టర్స్ రెండేళ్లు, కాబట్టి ఖర్చు ఎక్కువ. 2025 డిసెంబర్‌లో డాలర్ 90 రూపాయలు దాటింది. మొదటి సెమిస్టర్ ఫీజుకు వేసిన అంచనా నాలుగో సెమిస్టర్‌కు నిలవదు. చదువు తర్వాత పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ అందరికీ 12 నెలలు. సైన్స్, ఇంజినీరింగ్, గణితం వంటి స్టెమ్ కోర్సులకు మరో 24 నెలలు కలుస్తాయి. మామూలు అంతర్జాతీయ సంబంధాల డిగ్రీ స్టెమ్ జాబితాలో లేదు. పైగా ఓపీటీలో ఖాళీగా ఉండగలిగేది 90 రోజులే. మీ ఊరి నుంచి వెళ్లిన కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి మూడేళ్ల సమయం, హెచ్-1బీ లాటరీలో మూడుసార్లు ప్రయత్నించే వీలు ఉంటే మీకు ఏడాది, ఒకటో రెండో ప్రయత్నాలు.

హెచ్-1బీ మీద 2025 సెప్టెంబర్ 21 నుంచి వచ్చిన లక్ష డాలర్ల రుసుము గురించి విన్నారు కదా. అక్కడే చదివి, అక్కడి నుంచే స్టేటస్ మార్చుకునేవారికి అది వర్తించదని అక్టోబర్‌లో వివరణ వచ్చింది. అది ఊరటే. కానీ లాటరీనే మార్చి, ఎక్కువ జీతం స్థాయి ఉన్నవారికి ఎక్కువ అవకాశం ఇచ్చే నిబంధన తెచ్చారు. పరిశోధన సహాయకుల జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల ముందు ఎక్కడ నిలుస్తాయి? లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు లాటరీ నుంచి మినహాయింపు ఉంది, అది మీకు కలిసొచ్చే ఒక్క మెలిక. ఆ సంస్థలే ఇప్పుడు ఖర్చులు తగ్గించుకుంటున్నాయి.

పొలం పెడితే బ్యాంకు లోన్ ఇస్తుందా?

ఇది పట్నం విద్యార్థికి రాని ప్రశ్న. విద్యారుణంలో 7.5 లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి తనఖా అడుగుతాయి. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తీసుకోవు. కోర్టుకెక్కకుండా తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారాన్ని బ్యాంకులకిచ్చే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు, అదీ కారణం. అంటే నాన్న మూడెకరాల పట్టాదారు పాస్‌బుక్ ఈ పనికి అంతగా అక్కరకు రాదు. ఇల్లు పెడదామంటే, గ్రామకంఠంలోని ఇంటికి సరైన దస్తావేజులు ఉండాలి.

అప్పుడేమవుతుంది? ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ దగ్గరికి వెళ్తారు, అక్కడ వడ్డీ ఎక్కువ. అదీ చాలకపోతే మిగిలింది ఊళ్లో అప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే తక్కువగానే వినిపిస్తుంది. అది ఏడాదికి 24 శాతం. పది లక్షలు తెస్తే నెలకు 20 వేలు వడ్డీకే. కట్టకుండా వదిలేస్తే నాలుగేళ్లు దాటగానే అప్పు రెట్టింపు. కన్సల్టెన్సీ ఇచ్చే ఖర్చుల పట్టికలో ఈ వడ్డీ గడి ఎక్కడా కనిపించదు. మీరే గీసుకోవాలి.

ప్రభుత్వ సాయం ఉంది, దాన్ని తక్కువ చేయక్కర్లేదు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి స్కాలర్‌షిప్ కింద 20 లక్షల వరకు ఇస్తారు. కుటుంబ ఆదాయ పరిమితి 5 లక్షలు. మీ కోర్సు అర్హత జాబితాలో ఉందో లేదో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. డబ్బు రెండు విడతల్లో వస్తుంది. మొదటిది అక్కడికి చేరుకున్నాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత. కాబట్టి వెళ్లే ముందు కట్టాల్సిన ఫీజుకు ఇది ఆదుకోదు. అయినా పైన వేసిన 40 లక్షల్లో 20 తగ్గితే నెల వాయిదా 67 వేల నుంచి 34 వేల దగ్గరికి దిగుతుంది. అప్పుడు అది వేరే సంభాషణ.

పూర్తిగా ఉచితంగా పంపేవీ ఉన్నాయి. బ్రిటన్‌కు చెవెనింగ్, అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ, ఐరోపాకు ఎరాస్మస్ ముండస్. చెవెనింగ్‌కు రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు. అంటే డిగ్రీ కాగానే పరుగెత్తడం కంటే రెండేళ్లు ఏదైనా పనిచేసి దరఖాస్తు చేయడమే ఇక్కడ లాభం. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. కానీ వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అది ఫీజు కాదు, నెలనెలా మీకే తిరిగొచ్చే ఖర్చు డబ్బు.

'సగటు జీతం' అంటే ఎవరి జీతం?

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. అమెరికా విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే వెబ్‌సైట్ ఉంది. ఏ విశ్వవిద్యాలయంలో ఏ కోర్సు చదివినవారికి ఎంత అప్పు మిగిలింది, ఎంత సంపాదిస్తున్నారు అని కోర్సువారీగా చూపిస్తుంది. అంతర్జాతీయ సంబంధాలకూ వేరే వరుస ఉంది. చూడదగ్గ సైటే. అయితే ఆ అంకెలు అక్కడి కేంద్ర ప్రభుత్వ సాయం తీసుకున్న విద్యార్థులవి. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన మీకు ఆ సాయమే రాదు. అంటే ఆ జీతాల పట్టికలో మనవాళ్లు లేనే లేరు. పౌరసత్వం ఉండి, ప్రభుత్వ ఉద్యోగాలకు అర్హత ఉన్నవారి జీతం చూసి మన అప్పు కొలవడం అంటే పక్కింటి వాళ్ల కరెంటు బిల్లు చూసి మన ఇంటికి ఇన్వర్టర్ కొన్నట్టే.

అమెరికాయే ఇప్పుడు ఈ లెక్క గట్టిగా వేస్తోంది. 2025 జులై 4న సంతకమైన చట్టం ప్రకారం, 2026 జులై 1 నుంచి కొత్తగా పీజీలో చేరేవారికి ఇచ్చే ప్రభుత్వ రుణం ఏడాదికి 20,500 డాలర్లు దాటదు. ఒక పీజీ కోర్సు చదివినవారి సంపాదన డిగ్రీతో ఆపేసినవారి కంటే తక్కువని మూడేళ్లలో రెండేళ్లు తేలితే, ఆ కోర్సుకు ప్రభుత్వ రుణమే ఆగిపోతుంది. సొంత పిల్లలకే అప్పు ఇవ్వడానికి ఆ ప్రభుత్వం ఇంత ఆలోచిస్తుంటే, మేళ్లచెరువులో నాన్న ఆలోచించడం తప్పెలా అవుతుంది?

మన దేశంలో ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం విశ్వవిద్యాలయాలు సమర్పించే వివరాలు ఆ సైట్‌లోనే దొరుకుతాయి. ఎంతమంది చదువు పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వారి మధ్యస్థ జీతం ఎంత అని ఉంటుంది. మధ్యస్థం అంటే అందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారిది. ఉద్యోగం రానివారు ఆ వరుసలో ఉండరని గుర్తుంచుకోండి. జీతం అంకె కంటే ముందు 'ఎంతమందిలో ఎంతమందికి' అన్నది చూడండి. రెండేళ్ల పీజీలన్నీ కలిపి ఇస్తారు గనుక మీ కోర్సు లెక్క విడిగా ఆ శాఖనే అడగాలి. చెప్పకపోతే, అదీ ఒక జవాబే.

తక్కువ ధరలో ఇదే సబ్జెక్టు

ఢిల్లీలో 1955లో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1970లో జేఎన్‌యూలో కలిసింది. దేశంలో ఈ సబ్జెక్టుకు పుట్టిల్లు అదే. అక్కడ ఎం.ఏ. ట్యూషన్ ఫీజు ఏడాదికి వందల రూపాయల్లోనే ఉంటుంది. అసలు ఖర్చు హాస్టల్, మెస్. 2019లో హాస్టల్ ఫీజులు పెంచినప్పుడు అంత పెద్ద ఆందోళన ఎందుకు జరిగిందో ఆ లెక్క వేస్తే అర్థమవుతుంది. ప్రవేశం సీయూఈటీ-పీజీ ద్వారా. పుదుచ్చేరి, కేరళ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోనూ, కోల్‌కతాలోని జాదవ్‌పూర్‌లోనూ ఈ ఎం.ఏ. ఉంది. దూరం వద్దనుకుంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, ఉస్మానియాలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్.

రెండేళ్లకు నెలకు పది వేలు వేసుకున్నా 2.4 లక్షలు. పైన చెప్పిన విదేశీ అప్పు మీద నాలుగు నెలల వాయిదా కంటే తక్కువ. దేశంలోనే ఖరీదైన ప్రైవేటు వర్సిటీకి వెళ్లి పది లక్షలు అప్పు చేశారనుకున్నా, 10 శాతం వడ్డీతో, పదేళ్ల గడువుతో నెలకు 13,200 దగ్గర తేలుతుంది. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరితే తనఖా, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు రుణంపై అర్హులకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఇది మన దేశంలోని చదువులకే.

ఒక చిన్న జాగ్రత్త. మీ పట్టా మీద 'పొలిటికల్ సైన్స్' అని ఉంటుందా, 'ఇంటర్నేషనల్ రిలేషన్స్' అని ఉంటుందా? జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్ పోస్టుకు వెళ్లాలనుకుంటే ఆ పేరే అడ్డం పడొచ్చు. చేరకముందే పాత నోటిఫికేషన్‌లో అర్హతల పేరా చదవండి. నెట్ పరీక్షలో ఈ రెండింటికీ విడివిడి సబ్జెక్టులున్నాయి. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37 వేలు. చదువుకుంటూ డబ్బు తీసుకునే దారి అది.

విదేశాంగ శాఖలోకి ఐఎఫ్‌ఎస్ కాకుండా ఇంకో గేటు ఉంది, దాన్ని మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌లో ఆ శాఖ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టులుంటాయి. ఏ డిగ్రీ అయినా సరే, మూలవేతనం 44,900తో మొదలు. విదేశీ రాయబార కార్యాలయాల్లో పోస్టింగులూ వస్తాయి. ఇక హైదరాబాద్‌లోని విదేశీ బ్యాంకుల కార్యాలయాల్లో ఆంక్షల జాబితాలు సరిచూసే పని, మనీలాండరింగ్ నిఘా పని ఉంటాయి. ఏ దేశం మీద ఎవరు ఎందుకు ఆంక్షలు పెట్టారో తెలిసినవారికి అక్కడ ఇంటర్వ్యూలో మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది. దానికి ఒక భాష తోడైతే ఇంకా నయం. ఇఫ్లూలో అరబిక్, రష్యన్, జపనీస్, కొరియన్, చైనీస్, స్పానిష్ అన్నీ నేర్పుతారు. నా మటుకు నేను, 40 లక్షల పట్టా కంటే ఎం.ఏ.కు తోడు మూడేళ్ల అరబిక్ ఉన్న అభ్యర్థి వైపే మొగ్గుతాను.

అప్పు గురించి ఇంతసేపు చెప్పడానికి అసలు కారణం వడ్డీ కాదు. ఈ చదువులో మంచి దారులన్నీ నెమ్మదిగా నడిచేవే. సివిల్స్‌కు రెండు మూడు ప్రయత్నాలు, జీతం లేని లేదా చాలీచాలని ఇంటర్న్‌షిప్, ఢిల్లీ పరిశోధన సంస్థలో చిన్న కాంట్రాక్టు, ఐదేళ్ల పీహెచ్‌డీ. మన విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్‌లో ఇచ్చేది నెలకు 10 వేల గౌరవ వేతనం. నెత్తి మీద 67 వేల వాయిదా ఉన్నవారు వీటిలో ఒక్కటీ ఎంచుకోలేరు. ముందు ఏ కాల్ సెంటర్ ఉద్యోగమైనా పట్టాలి. ఏ దారి కోసం అప్పు చేశారో ఆ దారినే అప్పు మూసేస్తుంది.

అయినా వెళ్లాలనే ఉందా? వెళ్లొచ్చు, స్కాలర్‌షిప్ సగానికి పైగా మోస్తే. లేదా, ఉద్యోగం దొరక్క వెనక్కొచ్చినా హైదరాబాద్ జీతంలో మూడో వంతుతో వాయిదా కట్టగలిగితే. ఆ 'వెనక్కొస్తే' అన్న వరుసను కూడా ఒక కాగితం మీద రాసి నాన్న ముందు పెట్టండి. అప్పు ఎంత, ఏ వడ్డీకి, ఎవరి ఆస్తి మీద, ఏ నెల నుంచి వాయిదా, ఉద్యోగం రాకపోతే ఎవరు కడతారు. ఈలోగా సీయూఈటీ-పీజీ దరఖాస్తు మాత్రం వదలొద్దు. సాధారణంగా డిసెంబర్‌లోనో జనవరిలోనో మొదలవుతుంది, పరీక్ష మార్చిలో. శివరాత్రి జాతరకు ఊరొచ్చే సరికి సిలబస్ ఒక చుట్టు అయిపోయి ఉండాలి.